దేనిని త్రోయుచున్నది?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు లేచి ఉత్తీర్ణుల సంఖ్యను, ఆటలలో వచ్చిన బహుమతులను, కట్టవలసిన గదుల లెక్కను చెప్పుట వాడుక. ఆ వివరములన్నియు కార్యదర్శిగారి నివేదికలో వచ్చియున్నవి. కావున నేను ఈ దినము ఒక్క విషయమునే మీ యెదుట ఉంచదలచితిని. మన తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన యింట ఒక ప్రయోగము చేసినాడు. అతడు కోరిన ఫలితము రాలేదు. అయినను ఈ సంవత్సరము మన పాఠశాల బిడ్డలు చేసిన మంచి పనులలో దానిని నేను మొదటిదిగ లెక్కించుచున్నాను. ఎందుచేతనో చెప్పెదను.

ఆ బాలుని కోరిక చిన్నది కాదు. చక్రములు లేక, తెడ్డు లేక, పొగ వదలక, దేనిని త్రోయక, కేవలము విద్యుత్తుతో తనంతట తాను ముందుకు సాగు యంత్రమును చేయవలెనని అతని తలంపు. అట్టి యంత్రమున్నచో ఇంధనము మోయనక్కరలేకుండ నక్షత్రములవరకు పోవచ్చును గదా! మన కల్లావిలో బోరుబావి మోటారులకు తీగ చుట్టు దుకాణము లేని వీధి అరుదు. అట్టి దుకాణమొకదానినుండి ఎనామెలు పూతగల రాగితీగ సుమారు యాబది మీటర్లు తెచ్చుకొన్నాడు. జానెడు అడ్డుకొలతకు తగ్గిన రెండు చుట్టలు చుట్టినాడు. పెద్దదానికి 120 చుట్లు, చిన్నదానికి 80 చుట్లు. రెంటిని ఒకదాని యెదుట నొకటిగ థర్మోకోలు పలకపై కదలకుండ బిగించినాడు. టార్చిలైటు సెల్లులు నాలుగు, అనగా ఆరు వోల్టులు, ఆ పలకమీదనే అమర్చి నీటితొట్టిలో తేలవిడిచినాడు.

అతని ఊహ యిది. విద్యుత్తు ప్రవహించినప్పుడు తీగచుట్ట అయస్కాంతమగును. పెద్ద చుట్ట చిన్నదానిని గట్టిగ లాగును. చిన్నది పలకకు బిగింపబడియున్నది. కావున పలక ముందుకు సాగితీరవలెను. వినుటకు ఎంత సబబుగ నున్నదో చూడుడు! పెద్దలు సహితము మొదట విన్నప్పుడు తల యూపుదురు.

తీగలు కలిపినాడు. పలక కదలినది! మెల్లగ జరిగి తొట్టి అంచును తాకినది. ఇల్లంతయు సంబరపడినదట. వీధివారు వచ్చి చూచినారట.

ఇంతవరకు జరిగినది ఉత్సాహవంతుడైన ఏ బాలుడైనను చేయగలడు. అసలు సంగతి ఆ పిమ్మట మొదలైనది. అతడు ఆ సంతోషవార్తతో బడికి రాగా మన సైన్సు ఉపాధ్యాయులు అతనిని మెచ్చుకొనను లేదు, గేలిచేయను లేదు. ఒక్క ప్రశ్న మాత్రము వేసినారు. “నాయనా, అది దేనిని త్రోయుచున్నది?”

ఈ ప్రశ్నకు మూలము న్యూటను మహాశయుడు 1687లో ప్రకటించిన గ్రంథమందలి మూడవ సూత్రము. ఒక వస్తువు మరొకదానిని ఎంత బలముతో త్రోయునో, ఆ రెండవది మొదటిదానిని అంతే బలముతో వెనుకకు త్రోయును. మనము నడచునప్పుడు కాలు నేలను వెనుకకు త్రోయును. నేల మనలను ముందుకు త్రోయును. పుట్టివాడు గడతో ఏటి అడుగును త్రోయును. సామల్‌పట్టి మీదుగా పోవు రైలు పట్టాలను వెనుకకు త్రోయును. ఆకాశబాణము, అనగా రాకెట్టు, త్రోయుటకు గాలికూడ లేనిచోట తన కడుపులోని వాయువునే వెనుకకు వెడలగ్రక్కి ముందుకు పోవును. దేనినో ఒకదానిని వెనుకకు త్రోయక ముందుకు పోయినది ఇంతవరకు లోకములో లేదు.

మన బాలుని పలకపై పెద్ద చుట్ట చిన్నదానిని లాగుట నిజమే. కాని చిన్న చుట్టయు పెద్దదానిని అంతే బలముతో తనవైపు లాగుచున్నది. ఒకటి గట్టిది, మరొకటి బలహీనమైనది అనుకొనుటవలన భ్రమ కలుగును. చుట్లు 120 అయినను 80 అయినను వాటి నడుమనున్న లాగుడు ఇరువైపుల సమానమే. రెండును ఒకే పలకకు బిగింపబడినందున పలకకు లాభమేమియు లేదు. ఇది బండిలో కూర్చుండి ఆ బండినే త్రోసినట్లు; తాను కూర్చున్న గంపను తానే నెత్తికెత్తుకొనజూచినట్లు.

అట్లైన పలక ఏల కదలినది? కన్నులార చూచినదానిని కాదనుట ఎట్లు? ఉపాధ్యాయులు సూత్రము చెప్పి బాలుని నోరు మూయించియుండవచ్చును. వారట్లు చేయలేదు. “కదలినది నిజమే. కారణమును నీవే వెదకుము” అని ఒక నోటుబుక్కు ఇచ్చి పంపినారు. ఆ నోటుబుక్కును నేను చదివితిని.

మొదట అతడు సెల్లులను తలక్రిందులు చేసి విద్యుత్ప్రవాహమును ఎదురు దిక్కునకు త్రిప్పినాడు. పలక అప్పుడును తొట్టి అంచునకే పోయినది. పిమ్మట పలకను వెనుక ముందులు మార్చి నీటిలో విడిచినాడు. అప్పుడు అది ముందువైపునకు గాక దగ్గరనున్న అంచువైపునకు పోయినది. యంత్రమునకే శక్తి యున్నచో దాని ముఖమెటున్నదో అటు పోవలెను గాని దగ్గరనున్న అంచును వెదకికొనునా? ఇచట అతనికి తొట్టిపై అనుమానము కలిగినది. అది రేకుతొట్టి. ఇనుమును అయస్కాంతము లాగును. అయస్కాంతమును ఇనుము లాగును. ప్రవాహమును ఎటు త్రిప్పినను ఈ లాగుడు మారదు. అతడు ప్రక్క యింటినుండి ప్లాస్టిక్ తొట్టి ఎరువు తెచ్చినాడు. పలక సాగుట ఆగిపోయినది.

సాగుట ఆగినది గాని కదలిక పూర్తిగ ఆగలేదు. పలక నిలిచినచోటనే మెల్లగ తిరిగి ఒక దిక్కునకు వచ్చి నిలుచుచుండెను. ఈసారి ప్రవాహము త్రిప్పగా పలకయు సగము చుట్టు తిరిగి రెండవ కొనను ఆ దిక్కునకు పెట్టినది. తొట్టిని మార్చినను, గది మార్చినను, మిద్దెపై పెట్టినను అదే దిక్కు. అది ఉత్తరము!

అతడు చేసినది దిక్సూచి అయినది. మన కాళ్ళక్రింది భూమి యంతయు ఒక పెద్ద అయస్కాంతము. హైదరాబాదున 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవంటి సంస్థలు దాని బలమును కొలుచుచుండును. మన ప్రాంతమున అది సుమారు 40 మైక్రోటెస్లాలు. బీరువా తలుపునకు అంటించు చిన్న అయస్కాంతపు బలములో నూరవవంతునకు మించదు. ఈ దక్షిణదేశమున ఆ బలము దాదాపు నేలకు సమాంతరముగ ఉత్తరదక్షిణములుగ నుండును. ఇంత స్వల్పమైనను, నీటిపై తేలు పలకను త్రిప్పుటకు చాలినది. పలక భూమిని త్రోసినది; భూమి పలకను త్రిప్పినది. “దేనిని త్రోయుచున్నది?” అను ప్రశ్నకు జవాబు దొరికినది.

నోటుబుక్కు చివర అతడు వ్రాసిన మాట: “దేనిని త్రోయక సాగు శక్తి నా యంత్రములో లేదు. మొదట తొట్టి లాగినది. తరువాత భూమి త్రిప్పినది.”

సభ్యులారా, ఇది పల్లెటూరి బాలుని చిన్న ఆటయని తలంపకుడు. ఇట్టి ఆశతోనే దేశదేశముల పెద్దలు సంవత్సరములకొలది శ్రమించినారు. అమెరికాలో నార్మన్ డీన్ అను నతడు తిరుగు బరువులతో తనంతట సాగు యంత్రమును చేసితినని చెప్పి 1959లో పేటెంటు పొందినాడు. అట్టి యంత్రములు నేలమీది రాపిడిని ఆధారముగ చేసికొని జరుగునే గాని ఆధారము లేనిచోట సాగవు. ఇటీవలి కథ ఇంకను పెద్దది. ఇంగ్లండు దేశపు ఇంజనీరు రోజర్ షాయర్ 2001లో ఒక సంస్థను పెట్టి, మూసిన రాగిపాత్రలో సూక్ష్మతరంగములను నింపినచో ఆ పాత్ర ముందుకు త్రోయబడునని చాటినాడు. దానికి ఈఎం డ్రైవ్ అని పేరు. పాత్రనుండి వెలికి వచ్చునది ఏమియు లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన హ్యూస్టను కేంద్రమందలి పరిశోధకులు దానిని పరీక్షించి, ఒక కిలోవాటు శక్తికి 1.2 మిల్లీన్యూటనుల త్రోపు కనబడినదని 2016లో ప్రకటించినారు. వారు వాడిన శక్తి 80 వాట్లకు మించలేదు. ఆ లెక్కన వచ్చు త్రోపు సుమారు 10 మిల్లీగ్రాముల బరువు. ఒక బియ్యపుగింజ బరువునకు మించనిది. అయినను లోకమంతట పత్రికలు దానిని గూర్చి వ్రాసినవి. పెక్కుదేశములలో ఔత్సాహికులు తమ యిండ్లలో అట్టి పరికరములు కట్టి తూచి చూచినారు.

జర్మనీదేశమున డ్రెస్డెన్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయములో మార్టిన్ టాజ్‌మార్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును ఆ యంత్రమును తిరిగి కట్టి పరీక్షించినారు. వారు చేసినది వినుడు. యంత్రమునకు వెలుపలినుండి వచ్చు విద్యుత్తును అట్లే యుంచి, పాత్రలోనికి పోవు తరంగశక్తిని మాత్రము దాదాపు లేనట్లే తగ్గించినారు. త్రోపు తగ్గలేదు! పాత్రలో శక్తియే లేనప్పుడు త్రోపు ఎక్కడిది? విద్యుత్తు తెచ్చు తీగలు భూమి అయస్కాంతబలముతో పెనగులాడుటయే కారణము కావచ్చునని 2018లో వారు చెప్పినారు. లెక్క సరిపోవుచున్నది. ఒక మీటరు తీగలో ఒక ఆంపియరు ప్రవహించినచో మన ప్రాంతపు భూబలమునకు దానిపై సుమారు 4 మిల్లీగ్రాముల బరువంత త్రోపు కలుగును. పిమ్మట ఇంకను జాగ్రత్తగ కొలిచి, వేడిమివలన పరికరము భాగములు వ్యాకోచించుట మున్నగు కారణములను తొలగింపగా త్రోపు అనునది మిగులలేదని 2021లో ప్రకటించినారు.

డ్రెస్డెన్ ఆచార్యులు వేసికొన్న ప్రశ్నయు, కల్లావి బాలుడు వేసికొన్న ప్రశ్నయు ఒకటియే. వారి తక్కెడ సూక్ష్మమైనది, మనవానిది నీటితొట్టి. వెదకిన మార్గము మాత్రము ఒక్కటే. ఒక్కొక్క కారణమును తొలగించుచు, కదలిక మిగిలినదా లేదా యని చూచుట.

తీగచుట్టలతో త్రోయుట అసాధ్యమని మాత్రము దీనినిబట్టి అనుకొనరాదు. విద్యుత్తు అయస్కాంతపు ముల్లును కదల్చునని అయిర్‌స్టెడ్ 1820లో కనుగొన్న మరుసటి సంవత్సరమే, ఫెరడే మహాశయుడు విద్యుత్తు ప్రవహించు తీగను అయస్కాంతముచుట్టు తిరుగునట్లు చేసినాడు. ఆ తీగయే ఈ దినము మీ యింటి గ్రైండరులోను, పొలములోని మోటారులోను తిరుగుచున్నది. చైనాదేశపు షాంఘై నగరములో 2004నుండి చక్రములు లేని రైలు ప్రయాణికులను చేరవేయుచున్నది. అది మార్గముపొడవున అమర్చిన చుట్టలను ఆధారముగ చేసికొనును. జపానువారు 1992లో యమాటో అను నౌకను తెడ్డుగాని తిరుగు రెక్కగాని లేకుండ అయస్కాంతబలముతోనే నడిపినారు. అది సముద్రపు ఉప్పునీటిని వెనుకకు త్రోసినది. మన ఆంధ్రప్రదేశ్ తీరమందలి శ్రీహరికోటనుండి 2017 మే 5వ తేదీన ఎగసిన జీశాట్-9 ఉపగ్రహమునందు జెనాన్ వాయువును విద్యుచ్ఛక్తితో వెడలగొట్టు యంత్రము కలదు. ప్రతిదానికిని మన ప్రశ్నకు జవాబున్నది.

ఇంకొక మాట ఆ బాలునికి నేను ప్రత్యేకముగ చెప్పితిని, మీకును చెప్పెదను. భూమికి చేరువగ తిరుగు ఉపగ్రహములలో పెక్కింటియందు రాగితీగ చుట్టలుండును. ఉపగ్రహము ముఖమును ఒక దిక్కునకు త్రిప్పవలసినప్పుడు ఆ చుట్టలలో విద్యుత్తు నింపుదురు. భూమి అయస్కాంతబలము పట్టుకొని ఉపగ్రహము మెల్లగ తిరుగును. ఒక బొట్టు ఇంధనమైనను ఖర్చు కాదు. అది ఉపగ్రహమును త్రిప్పునే గాని ముందుకు నడపదు. ప్లాస్టిక్ తొట్టిలో మనవాని పలక చేసినదియు అదే గదా! ముందుకు సాగలేదని అతడు దిగులుపడిన ఆ పలక, తిరుగుటలో నిజమైన విద్యనే చూపినది.

ఇక మీతో మాటలాడవలసిన ముఖ్యవిషయము. ఆ బాలుని తండ్రిగారు నన్ను చూడవచ్చి యిట్లన్నారు. “అయ్యవారూ, నెల దినాలు తీగలు చుట్టినాడు. ఆఖరికి ఏమీ లేదని రాసినాడు. దీనికి మార్కులేమన్నా వస్తాయా? వచ్చే యేడు వాణ్ణి ఇంగ్లీషు బడిలో వేస్తామనుకుంటున్నాము. అక్కడైతే సైన్సు బాగా వస్తుందంటారు.”

వారి ప్రశ్నలో తప్పేమియు లేదు. కూలి డబ్బులో మిగిల్చి రాగితీగ కొనియిచ్చిన తండ్రి అడుగదగిన ప్రశ్నయే అది. మార్కులు రావని నిజము చెప్పితిని. ఈ ప్రయోగమునుగూర్చి పబ్లిక్ పరీక్షలో ప్రశ్న రాదు. ప్రదర్శనలలో సైతము కదలు బొమ్మకు, వెలుగు దీపమునకు బహుమతి వచ్చునుగాని “కదలదని తెలిసికొంటిని” అను నోటుబుక్కునకు వచ్చుట అరుదు. అంగడిలో కొన్న నమూనాను బల్లపై పెట్టి కంఠస్థము చేసిన నాలుగు వాక్యములు చెప్పిన బాలునికి చప్పట్లు ఎక్కువ.

అయినను తండ్రులారా, తల్లులారా, ఆలోచింపుడు. ఈ కాలమున మన బిడ్డల చేతిలోని ఫోనులో ప్రతిదినము ఏదో యొక వింత కనబడుచున్నది. కరెంటు లేక తిరుగు మోటారు, నీటితో నడచు బండి, అయస్కాంతముతో ఉచితముగ వెలుగు దీపము. రేపు వీనినే అమ్మజూపువారు ఇంటికి వచ్చెదరు. బోరుబావికి కరెంటు బిల్లు రానీయని పెట్టె యని చెప్పి మీ కష్టార్జితమును తీసికొనిపోవువాడును రావచ్చును. ఆ దినమున మీ యింట “ఇది దేనిని త్రోయుచున్నది? దీనికి శక్తి ఎక్కడిది?” అని అడుగగల బిడ్డ యొకడుండుట మార్కులకు తక్కువైన లాభమా? తన కన్నులతో చూచినదానినే, తనకు ప్రియమైన కోరికనే, సందేహించి పరీక్షించి కాదని వ్రాయగలిగిన పదునాలుగేండ్ల బాలుడు మోసపోవుట కష్టము; ఇతరులను మోసగించుట అంతకంటె కష్టము.

ఇక భాష విషయము. ఆ నోటుబుక్కు తెలుగులో వ్రాయబడినది. ఆ ప్రశ్న తెలుగులో అడుగబడినది. అందుచేతనే బాలుడు దానిని ఇంటికి తీసికొనిపోయి తల్లితో చర్చింపగలిగినాడు. తొట్టిని మార్చి చూడుమని మొదట చెప్పినది ఆ తల్లియేనట. ఆమె బడికి పోయిన వ్యక్తి కాదు. తెలియని భాషలో అడిగిన ప్రశ్నయైనచో ఆమె దరిదాపునకు రాగలిగెడిదా? మన పూర్వులు అయస్కాంతమునకు సూదంటురాయి యని పేరు పెట్టినారు. సూదిని అంటించుకొను రాయి. ఆ పేరు విన్నంతనే బిడ్డకు దాని గుణము తెలియును. తెలుగులో శాస్త్రము చెప్పరాదను సందేహము క్రొత్తదేమియు కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించి ఆ సందేహమునకు జవాబు చెప్పియే యున్నారు.

దీనినిబట్టి ఇతర భాషలు వలదని నేననుట లేదు. తమిళము మనము నివసించు నేల భాష. దానిని మన బిడ్డలు చక్కగ నేర్వవలెను. తమిళులు అయస్కాంతమును కాందమందురు. మన అయస్కాంతములోని కాంతమే అది. ఒక మాట తెలిసినవానికి రెండవది చుట్టమువలె చేరువగును. ఇంగ్లీషును పై చదువులకు కావలెను. ఆ పదములను తొమ్మిదవ తరగతినుండియే జాబితా వ్రాయించి నేర్పుచున్నాము. కాని అర్థమగుట మొదట జరుగవలెను. పేర్లు ఎన్నియైనను పిమ్మట నేర్వవచ్చును.

మీ యింట బిడ్డ యేదైన ప్రయోగము చేయబూనినచో మీరు చేయవలసినవి కొన్ని కలవు. గోడలోని కరెంటును ఎన్నడును వాడనీయకుడు. టార్చిలైటు సెల్లులు చాలును. పాత ఫోనుల బ్యాటరీలను, పాత పరికరములలోని కెపాసిటరులను ముట్టనీయకుడు. విద్యుత్తు ఆపిన పిమ్మట కూడ అవి ప్రమాదము చేయగలవు. తీగచుట్ట వేడెక్కును గనుక అర నిమిషమునకు మించి ప్రవాహము నుంచరాదు. చూచినదెల్ల తేదీతో వ్రాయుమని చెప్పుడు. అనుకొన్నట్లు జరుగనిదానిని కొట్టివేయవద్దని మరిమరి చెప్పుడు. ఫలితము రానప్పుడు “వ్యర్థమైనది” అను మాట మీ నోట రానీయకుడు. “ఏమి తెలిసినది?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు చదువు అక్కరలేదు. ప్రక్కన కూర్చుండు ఓపిక చాలును.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. వచ్చు సంవత్సరపు ప్రదర్శనలో కదలు నమూనాలకు ఇచ్చు బహుమతులతోపాటు, మంచి ప్రయోగపు నోటుబుక్కునకు ఒక బహుమతి ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. ప్రయోగము ఫలించినదా లేదా యని చూడక, ఎంత నిజాయితీగ వెదకినాడో చూచి ఆ బహుమతి నీయవలెను.

ఆ బాలుని తండ్రిగారు ఈ సభలోనే యున్నారు. బిడ్డను ఏ బడిలో చదివింపవలెనన్నది వారి నిర్ణయము. దానిని నేను శిరసావహింతును. వాడు ఏ బడిలో నున్నను ఆ నోటుబుక్కును భద్రముగ ఉంచుడని మాత్రము వారిని వేడుకొనుచున్నాను. దానిలో ఇంకను ఖాళీ పుటలు మిగిలియున్నవి.